హెడ్‌సెట్ కొనేముందు బరువూ పిన్నూ చూడండి

గేమింగ్ హెడ్‌సెట్ కొనేటప్పుడు రంగు లైట్లు, అట్టపెట్టె మీది 7.1 సరౌండ్ రాతలు పక్కన పెట్టి ముందు బరువు చూడండి. 300 గ్రాములు బాగా దాటితే రెండు గంటల ఆటకే నడినెత్తి నొప్పి పుడుతుంది. కుషన్ చెవి మీద కూర్చోకూడదు, చెవి మొత్తం దాని లోపల పట్టాలి. మన ఎండలకు రెగ్జిన్ కుషన్ చెమట పట్టి, కొన్నాళ్లకు పొరలు పొరలుగా ఊడుతుంది. గుడ్డదైతే గాలాడుతుంది. కళ్లజోడు ఉన్నవాళ్లు మెత్తటిది చూసుకోవాలి, లేకపోతే జోడు కాడ కణతకు నొక్కుకుంటుంది.

వైరు చివరి పిన్ను మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. మూడుంటే మైకూ సౌండూ ఒకే పిన్నులో ఉన్నట్టు. డెస్క్‌టాప్‌కు సౌండుకు ఆకుపచ్చ, మైకుకు గులాబీ రంధ్రాలు వేరువేరుగా ఉంటే, ఆకుపచ్చదాంట్లో పెట్టగానే సౌండ్ వస్తుంది గానీ మన మాట అవతలికి పోదు. మైకు పాడైందనుకుని వాపసు పంపేస్తుంటారు పాపం! మైకునూ సౌండునూ రెండు పిన్నులుగా విడదీసే వై ఆకారపు స్ప్లిటర్ ఒకటి కొంటే చాలు.

వైర్‌లెస్సే కావాలంటే 2.4 గిగాహెర్ట్జ్ యూఎస్‌బీ డాంగిల్ (కంప్యూటర్‌కు గుచ్చే చిన్న రిసీవర్) ఉన్నది తీసుకోండి. మామూలు బ్లూటూత్‌లో మైకు ఆన్ చేయగానే సౌండ్ పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌లా మారిపోతుంది. పైగా తుపాకీ పేలడం తెర మీద కనిపించాక గానీ చప్పుడు చెవిన పడదు.