మీ బంగళా విక్టోరియా కాలం నాటిదేనా? ముందు పెంకు తిప్పి చూడండి

బెంగళూరు కంటోన్మెంట్ వైపు పాత బంగళా ఉన్న ఏ ఇంట్లో అడిగినా మాది విక్టోరియా రాణి కాలందే అంటారు. మేమూ అన్నాం. పెంకు మీద 1865 అని ఉంది కదా అని మా మామయ్య గేటు పక్కన పలకరాయి కూడా చెక్కించేశాడు. అక్కడే పప్పులో కాలేశాం.

మన ఊళ్లలో వీటిని బెంగుళూరు పెంకులంటారు గానీ అసలు మంగళూరువి. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్లు అక్కడ ఫ్యాక్టరీ పెట్టిన ఏడాది 1865, దాన్నే పెంకుల మీద అచ్చు వేస్తూ పోయారు, అంటే అది ఫ్యాక్టరీ వయసు, మీ ఇంటిది కాదు. కాబట్టి ఎవర్నైనా పైకి ఎక్కించి, నాలుగైదు చోట్ల పెంకులు తీయించి పేరు చదవండి. కామన్‌వెల్త్ ట్రస్ట్ అని ఉంటే అది మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి పెంకు. మిషన్‌లో జర్మన్లు ఎక్కువని బ్రిటిష్ వాళ్లు ఆ ఫ్యాక్టరీలు లాక్కుని ఈ ట్రస్టుకి అప్పజెప్పారు. మా పెంకుల మీద ఉన్నది ఆ పేరే! అయినా టెన్షన్ పడకండి, పెంకులు పగిలితే మారుస్తారు, గోడలు అంతకంటే పాతవి కావచ్చు.

లోపల హాల్లో తల పైకెత్తండి. టేకు దూలాల మీద సన్న ఇటుకల్ని నిలబెట్టి ఐమూలగా పేర్చి సున్నంతో కట్టిన కప్పైతే అది మద్రాస్ టెర్రస్. కిటికీల మీద చెక్క పట్టీలతో కోసుగా ముందుకొచ్చిన మంకీ టాప్‌లు ఉన్నా సంతోషించండి, ఫొటోలు తీసుకోండి, కానీ రాణి 1901లో పోయాక కూడా ఈ రెండూ కడుతూనే ఉన్నారు. బసవనగుడి, మల్లేశ్వరం ఇళ్లయితే ఆశలు తగ్గించుకోండి, 1898 ప్లేగు తర్వాతే జనం అటు గట్టిగా కదిలారు.

అసలు తేల్చేది కాగితాలే. ఈసీతో, అంటే ఆస్తి లావాదేవీల జాబితా ఇచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌తో ఆగకుండా లింకు డాక్యుమెంట్లన్నీ, అంటే ఇల్లు చేతులు మారిన పాత దస్తావేజులన్నీ వెనక్కి వెనక్కి తీయించండి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ చెప్పులరుగుతాయి, తప్పదు. చేతికొచ్చాక ధర వదిలేసి ఆస్తి వివరాలు, సరిహద్దులు చదవండి. ఒక దస్తావేజులో ఖాళీ జాగా అని, ఆ తర్వాతి దాంట్లో బంగళా, బావి అని ఉంటే మీ ఇల్లు ఆ రెండు తేదీల మధ్య లేచింది.

మాది అలాగే తేలింది. పలకరాయి ముందు ఇప్పుడు పెద్ద మనీప్లాంట్ కుండీ ఉంది.