ఆన్‌లైన్ చర్చలో తిట్టకుండా గట్టిగా వాదించడం ఎలా?

కోపం వస్తే రాసేయండి, కానీ రిప్లై బాక్సులో కాదు, ఫోన్ నోట్స్‌లో. కాసేపాగి చదివితే అందులో అభిప్రాయం ఎంతో, కసి ఎంతో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు మనిషి గురించి ఉన్న మాటలన్నీ తీసేయండి. ‘నీకు బుర్ర ఉందా, ఆ లెక్క తప్పని తెలీదా?’ అని రాశారనుకోండి. అందులో పనికొచ్చేది లెక్క తప్పన్న సంగతి ఒక్కటే. ‘పాత ధరలు తీసుకున్నట్టున్నారు, ఈ ఏడాది ధరలతో మళ్లీ చూడండి’ అనండి. ఇలా రాయాలంటే తప్పెక్కడుందో మనకి తెలిసుండాలి. తెలియకపోతే ‘ఈ లెక్క ఎలా వచ్చింది?’ అని అడగడమే న్యాయం. తిట్లు తీసేశాక ఏమీ మిగలకపోతే ఇక పంపాల్సిందీ లేదు.

ఆ తర్వాత చూడాల్సినవి గుడ్డి, చెవిటి, మెంటల్, ‘ఆడదానిలా ఏడుస్తావేం’ లాంటి మాటలు, కులం పేరుతో వేసే దెప్పులు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేవి ఇవే. ఆ వాదనతో ఏ సంబంధమూ లేని వాళ్లకి ఇవి తగులుతాయి. చూపు లేనివాళ్లు అదే చర్చని స్క్రీన్ రీడర్‌తో వింటూ ఉండొచ్చు. డిప్రెషన్‌కి మందులు వాడుతున్న మనిషి ‘మెంటల్’ అన్న మాట చదివి, తన సంగతి ఎవరికీ చెప్పకపోవడమే మేలనుకోవచ్చు. ‘గుడ్డిగా నమ్మేశారు’ అనే బదులు ‘ఆధారం చూడకుండా నమ్మారు’ అంటే అభ్యంతరం ఏమిటో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది కూడా.

‘మీ బ్యాచ్ అంతా ఇంతే’ అనకండి. అవతలి మనిషి అన్నదానికే జవాబివ్వండి. ముక్కూమొహం తెలియని వాళ్లని ‘మీరు’ అనండి.

వెటకారం వదిలేయండి. ఈమెయిళ్ల మీద జరిగిన ఒక పరిశోధన 2005లో వచ్చింది. తమ వెటకారం అవతలివాళ్లకి ఇట్టే అర్థమవుతుందని రాసినవాళ్లు నమ్మారు. చదివినవాళ్లు మాత్రం గుడ్డి లెక్కన... కాదు, ఊరికే ఊహించి చెప్పినదానికంటే పెద్దగా మెరుగ్గా పోల్చుకోలేకపోయారు.

అవతలివాళ్లే తిడితే? విషయానికి ఒక్కసారి జవాబిచ్చి మ్యూట్ చేయండి. బెదిరిస్తే మాత్రం ఊరుకోవద్దు, స్క్రీన్‌షాట్ తీసి రిపోర్ట్ చేయండి.

మీరే నోరు జారితే వెంటనే సరిచేయండి. వాట్సాప్‌లో పంపిన 15 నిమిషాల్లోపు ఎడిట్ చేయొచ్చు. ఈలోపు ఎవరైనా చదివేసి ఉంటే ‘ఆ మాట అనాల్సింది కాదు, క్షమించండి’ అని రాయండి, ‘కానీ’ అని ఇంకేమీ కలపకండి. ఇన్‌బాక్స్‌లో విడిగా చెబితే చాలదు. అన్నది అందరి ముందు కాబట్టి క్షమాపణ కూడా అక్కడే ఉండాలి.