బూజు పట్టిన గోడకు రంగు వేసే ముందు జాగ్రత్తలు

చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో తేలకుండా రంగు వేయకండి. కొద్ది నెలల్లోనే పొర ఉబ్బి రాలిపోయి, పెట్టిన ఖర్చంతా వృథా కావచ్చు. అరచేయంత ప్లాస్టిక్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి 24 గంటల తరువాత చూడండి: నీటి బొట్లు గోడవైపు ఉంటే తడి గోడలోనిదే, గదివైపు ఉంటే గాలిలోని ఆవిరి చల్లని గోడకు తగిలి నీరైందన్నమాట.

బ్లీచ్‌లో యాసిడ్ గానీ అమ్మోనియా గానీ కలపకండి. వెలువడే విషవాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

బూజును పొడిగా గీకకండి, గదంతా ఎగురుతుంది. మాస్కు పెట్టుకొని, కిటికీ తెరిచి, తడిగుడ్డతో తుడవండి.

బీరువాను గోడకు ఆనించకండి. వెనుక గాలి ఆడక, సాధారణంగా బూజు ముందుగా పుట్టేది అక్కడే.