బయట టిఫిన్ తినేముందు: కేలరీల లెక్కకు జాగ్రత్తలు

• ముందు నూనె సంగతి చూడండి. గ్రాము పిండిపదార్థానికి 4 కేలరీలైతే నూనెకైనా నెయ్యికైనా 9. టీస్పూన్ నూనె అంటే 40 పైమాటే. పెసరట్టు చుట్టూ ఎన్ని చెంచాలు తిప్పుతున్నారో పెనం దగ్గర నిలబడితే కనిపిస్తుంది. అట్టు ప్లేట్‌లోకి వచ్చాక అది కనిపెట్టడం చాలా కష్టం.

• పల్లీ చట్నీ మళ్లీ అడిగి వడ్డించుకుంటే అదీ కలపండి. చాలామంది వదిలేసేది ఇదే.

• అన్నం ఇంట్లో ఓసారి 100 గ్రాములు తూచి చూసుకోండి, సుమారు 130 కేలరీలు. కంటికి ఆ కొలత అలవాటవుతుంది. బిర్యానీకి మాత్రం ఈ లెక్క సరిపోదు.

• ఇదంతా అంచనానే కాబట్టి ఒకే అంకె వద్దు, ఉదాహరణకు 350–450 కేలరీలు అని రాసుకోండి.

• ఇన్సులిన్ వాడేవాళ్లు ఈ అంచనాతో డోసు మార్చకండి, డాక్టర్‌ను అడగండి.