సావిత్రిని మొదటి నుంచి చూడాలంటే

ఈ మధ్య మా బెజవాడ పిల్లలు కూడా సావిత్రి పేరు ఎత్తగానే ముందు ఆవిడ చివరి రోజుల గురించే అడుగుతున్నారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. వీడియోల్లో ఆ కష్టాలన్నీ విన్నాక ఏ సినిమా పెట్టినా, ఆవిడ నవ్వుతున్నా సరే, ఆ మొహంలో ఏడుపే వెతుక్కునేదాన్ని. అలా చూస్తే నటన కనపడదు. అందుకే ముందు సినిమాలు చూడండి, కష్టాల సంగతి తర్వాత.

మొదట 1951 పాతాళభైరవి పెట్టండి. అందులో ఆవిడ హీరోయిన్ కాదు, ఒక పాటలో డాన్స్ చేసి వెళ్ళిపోయే అమ్మాయి. అంతకుముందే 1950 సంసారంలో పెద్ద వేషం చేతిదాకా వచ్చి, కెమెరా ముందు తడబడటంతో జారిపోయింది. తండ్రి పోతే పెద్దమ్మ, పెదనాన్నల దగ్గర బెజవాడలో పెరిగి, నాట్యం నేర్చుకుని, స్టేజి మీద నాటకాలు వేసిన పిల్లకి కూడా కెమెరా అంటే అంత టెన్షన్. ఇది గుర్తుపెట్టుకుని వెంటనే 1953 దేవదాసు చూడండి. రెండేళ్ళలో ఎక్కడ నుంచి ఎక్కడికి వచ్చిందో పార్వతిని చూస్తే మీకే తెలుస్తుంది.

తర్వాత 1955 మిస్సమ్మ. ఆ వేషం ముందు భానుమతిది, సావిత్రికి ఇచ్చింది రెండో అమ్మాయి వేషం. భానుమతి తప్పుకోవడంతో సావిత్రి మేరీ అయింది, ఆ రెండో వేషం జమునకి వెళ్ళింది. ఉద్యోగం కోసం భార్యగా నటించాల్సి వచ్చిన మేరీకి సినిమా పొడుగునా చిరాకే, అయినా మనకి ఆవిడ మీద ఒక్కసారి కూడా కోపం రాదు. ఎందుకు రాదో చూడటమే ఇక్కడ మీ పని.

ఇక 1957 మాయాబజార్. దీనికి ఒక సాయంత్రం మొత్తం ఉంచుకోండి, ఫోన్‌లో కాదు, టీవీలో చూడండి. 'అహ నా పెళ్ళంట' పాట వచ్చినప్పుడు సౌండ్ పూర్తిగా తీసేయండి. అక్కడున్నది సావిత్రి వేసిన శశిరేఖ కాదు, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. ఘటోత్కచుడి వేషం వేసిన ఎస్వీ రంగారావు నడక, ఆ భుజాల విసురు, ఆ దర్పం అన్నీ ఈ సన్నటి అమ్మాయి ఒంట్లోకి వస్తుంటాయి, మళ్ళీ అంతలోనే పెళ్ళికూతురి సిగ్గు. ఆ మారే క్షణం ఎక్కడుందో పట్టుకోవడానికి నేను ఆ పాట ఎన్నిసార్లు వెనక్కి తిప్పానో లెక్కలేదు. ముందు భుజం మారుతుందా, కన్ను మారుతుందా? తేల్చుకున్నాక సౌండ్ పెట్టి మళ్ళీ చూడండి, సుశీల గొంతులోకి ఘంటసాల గొంతు వచ్చే చోట ఇంకా బాగా తెలుస్తుంది.

1960 చివరకు మిగిలేది కూడా వదలొద్దు. పిచ్చాసుపత్రి నర్సు వేషం, చివరికి ఆ నర్సుకే మతి పోతుంది. చూసినవాళ్ళు తక్కువ, నాకైతే ఆవిడ చేసినవాటిలో ఇదే గొప్పది.

మధ్యలో ఒకరోజు ప్రకాశం బ్యారేజీ దాటి తాడేపల్లి మీదుగా చిర్రావూరు వెళ్ళిరండి, ఆవిడ పుట్టిన ఊరు అదే. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వెంట తీసుకెళ్ళండి. దారిలో "పెద్దమ్మా, మాయాబజార్ ఏ హాల్లో చూశావు, ఎవరితో వెళ్ళావు" అని అడిగితే చాలు, తిరిగొచ్చేదాకా వాళ్ళే చెబుతుంటారు.

ఆ తర్వాతే చివరి సంగతులకి రండి. 1968లో చిన్నారి పాపలుకి దర్శకత్వం చేసింది, ఆ తర్వాత సొంత సినిమాల నష్టాలు, తాగుడు, ఏడాదికి పైగా కోమా, 1981 డిసెంబర్ 26న మరణం. అవి చదివాక 1979 గోరింటాకు పెట్టండి. అందులో ఆవిడ తల్లి వేషం. మనిషి చిక్కిపోయింది, ఆ కళ్ళు మాత్రం మిస్సమ్మవే. ఆ రోజుకి ఇంకో సినిమా పెట్టకండి.