ఐపీ పెట్టే ముందు బదలాయించిన ఆస్తిని వెనక్కి తేవడం ఎలా

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో "ఫలానా సేటు ఐపీ పెట్టిండట" అన్న మాట పుట్టగానే అప్పిచ్చినవాళ్లంతా ప్రోనోట్లు, చెక్కులు ముందేసుకుని ఎవరికెంత రావాలో లెక్క మొదలుపెడతారు. ఆ లెక్క రేపు చేసుకోవచ్చు. ముందు తెలుసుకోవాల్సింది రెండు తేదీలు. ఇల్లో పొలమో ప్లాటో పేరు మారిన తేదీ ఒకటి, కోర్టులో దివాలా పిటిషన్ (ఐపీ అంటే ఇదే) పడిన తేదీ ఇంకొకటి. ఆస్తి తిరిగొస్తుందా రాదా అన్నది చాలావరకు ఈ రెంటి మధ్య దూరం మీదే ఆధారపడి ఉంటుంది.

అడ్తి వ్యాపారి, కాంట్రాక్టర్, చిట్టీలు నడిపినాయన, ఇలాంటి వ్యక్తుల దివాలాకు మన దగ్గర ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే నడుస్తోంది. 2016లో వచ్చిన కొత్త దివాలా చట్టం ఐబీసీలో వ్యక్తులకు సంబంధించిన భాగం కంపెనీ అప్పులకు పూచీ పడ్డవాళ్ల వరకే, 2019 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. కాబట్టి బాకీదారు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే హైదరాబాద్‌లోని కంపెనీ కేసుల ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీకి వెళ్లాలి. మామూలు మనిషి అయితే కేసు సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో, అంటే మన అదాలత్‌లోనే నడుస్తుంది. ఇక్కడ రాస్తున్నది ఈ రెండో రకం గురించి.

1920 చట్టంలో పట్టుకోవాల్సిన సెక్షన్లు రెండు. 53వ సెక్షన్ ప్రకారం, బదలాయింపు జరిగిన రెండేళ్లలోపు పడిన పిటిషన్ మీద ఆ మనిషిని దివాలాదారుగా ప్రకటిస్తే, ఆ బదలాయింపును కోర్టు రద్దు చేయవచ్చు. సరైన ప్రతిఫలం ఇచ్చి, మంచి నమ్మకంతో కొన్నవాళ్లకు, తాకట్టు పెట్టుకున్నవాళ్లకు మినహాయింపు ఉంది. పెళ్లికి ముందు, ఆ పెళ్లి కోసమే రాసిచ్చిన ఆస్తికీ ఉంది. 54వ సెక్షన్ వేరే సంగతి. పదిమందికి బాకీ ఉండి, అందులో తనకు కావలసిన ఒక్కరికే అప్పు తీర్చడమో ఆస్తి రాసివ్వడమో చేస్తే దాన్ని కొట్టేయించడానికి ఇది పనికొస్తుంది. కానీ దీని గడువు పిటిషన్‌కు వెనక మూడు నెలలే. బామ్మర్దికి నిజంగానే పాత బాకీ ఉండి, అందుకు బదులు ప్లాటు రాసిస్తే అది 54 కిందికి వస్తుంది. బాకీ ఏమీ లేకుండా రాసిస్తే 53 కిందికి వస్తుంది. చాలామంది ఈ రెంటినీ కలిపి ఒకే అర్జీలో కలగాపులగంగా రాస్తారు. అవతలి వకీలుకు కావలసింది అదే. ఏ బదలాయింపు ఏ సెక్షన్ కిందో విడివిడిగా రాయించండి. పిటిషన్ పడ్డ తర్వాత చేసిన బదలాయింపుకైతే ఇంత కష్టం అక్కర్లేదు. దివాలా ఉత్తర్వు పిటిషన్ తేదీ నుంచే అమల్లో ఉన్నట్టు లెక్క.

ఇప్పుడు అసలు చిక్కు. రెండేళ్ల లెక్క పిటిషన్ తేదీ నుంచి వెనక్కి నడుస్తుంది. ఇది తెలిసిన బాకీదారు ఇల్లు భార్య పేర రాసి, వడ్డీ కొంచెం కొంచెం కడుతూ, "పత్తి సీజన్ కానియ్యి అన్నా, మొత్తం తీరుస్త" అంటూ రెండేళ్లు నెట్టుకొచ్చి, ఆ తర్వాతే ఐపీ పెడతాడు. అతను పెట్టేదాకా ఆగితే 53వ సెక్షన్ మీ చేయి దాటిపోయినట్టే. 9వ సెక్షన్ కింద అప్పిచ్చినవాళ్లే పిటిషన్ వేయవచ్చు. ఒక్కరిదైనా పలువురిది కలిపైనా బాకీ 500 రూపాయలుంటే చాలు. కాకపోతే పిటిషన్‌కు ముందు మూడు నెలల్లోపు బాకీదారు "దివాలా చర్య" ఏదో ఒకటి చేసి ఉండాలి. అప్పులవాళ్లను ఎగ్గొట్టే ఉద్దేశంతో ఆస్తి రాసివ్వడం అలాంటి చర్యే. ఇల్లు విడిచిపోవడం, దుకాణం మూసి మొహం చాటేయడం, ఇక కట్టలేనని నోటీసు ఇవ్వడం, డిక్రీ కింద ఆస్తి వేలం కావడం కూడా అలాంటివే.

తేదీలతో చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. హనుమకొండలో ఉన్న ఇంటిని 2024 మార్చి 11న భార్యకు గిఫ్ట్ డీడ్ చేశాడనుకుందాం. అది మీకు మూడు నెలల్లోపు తెలియలేదు కాబట్టి దాన్నే దివాలా చర్యగా చూపలేరు. 2025 డిసెంబరు 20న షట్టర్ దించి, ఫోన్ బంద్ చేసి, అప్పులవాళ్లకు దొరక్కుండా పోయాడు. ఇది కొత్త దివాలా చర్య. దీనిమీద 2026 మార్చి 20 లోపు పిటిషన్ వేయవచ్చు. కానీ ఇంటి విషయంలో రెండేళ్లు మార్చి 11కే నిండుతాయి. మార్చి 15న వేస్తే పిటిషన్ చెల్లుతుంది, ఇల్లు మాత్రం చేజారుతుంది. రెండు గడువుల్లో ఏది ముందు ముగుస్తుందో దాన్నే మీ గడువు అనుకోవాలి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. రాసుకున్న రోజు ఒకటి, రిజిస్ట్రేషన్ రోజు ఇంకొకటి కావచ్చు. దస్తావేజు రాసిన నాలుగు నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కు పెట్టవచ్చు, పెట్టాక అది రాసిన రోజు నుంచే అమలవుతుంది. అందుకని రెంటిలో ముందున్న తేదీ నుంచే లెక్కపెట్టండి.

అప్పు పెద్దదైతే ఆరు నెలలకోసారి ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించడం అలవాటు చేసుకోవాలి. ఇళ్లు, ప్లాట్లకు రిజిస్ట్రేషన్ శాఖలో, వ్యవసాయ భూములకు ఒకప్పుడు ధరణిలో, ఇప్పుడు భూభారతిలో చూడాలి. వరంగల్‌లో ఇంటి నంబర్లు మారిన వాడలు చాలా ఉన్నాయి. కొత్త నంబరుతో వెతికితే ఏమీ కనిపించక "ఆస్తి క్లియర్‌గనే ఉంది" అనుకుని మోసపోతారు. పాత నంబరు, కొత్త నంబరు, సర్వే నంబరు మూడింటితోనూ వెతకాలి. ఈసీలో పేరు మార్పు కనిపిస్తే అదే రోజు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి.

కాపీ చేతికొచ్చాక నిదానంగా చదవాలి. కేసు నిలిచేదీ పోయేదీ ఇక్కడే. "విక్రయ సొమ్ము ఇదివరకే నగదుగా ముట్టినది" అన్న వాక్యం ఉందా? స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపన్ను చట్టం 2015లో నిషేధించింది. దాంతో దస్తావేజు చెల్లకుండా పోదు గానీ, లక్షలు నగదుగా ఇచ్చానన్న మాటను ప్రశ్నించడానికి మీకు పట్టు దొరుకుతుంది. కొన్నాయన బ్యాంకు ఖాతా, ఐటీ రిటర్నులు కోర్టు ద్వారా తెప్పించమని అడగండి. రాసిన ధరను ఆ రోజు ఉన్న ప్రభుత్వ మార్కెట్ విలువతో పోల్చండి. పేరు మారినా కరెంటు బిల్లు, ఇంటి పన్ను ఎవరు కడుతున్నారు? అద్దె ఎవరి ఖాతాలో పడుతోంది? కిరాయిదారుకు కొత్త యజమాని ఎవరో తెలుసా? మీ లీగల్ నోటీసు అందిన వారంలోనే రిజిస్ట్రేషన్ జరిగిందా? అందుకే పోస్టాఫీసు అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు పారేయకండి. ఆ తేదీకి చాలా విలువ ఉంది.

"మూడేండ్ల కిందనే అగ్రిమెంట్ అయింది" అని పాత తేదీ ఉన్న కాగితం చూపిస్తే స్టాంపు పేపరు వెనక్కి తిప్పండి. అక్కడ క్రమ సంఖ్య, అమ్మిన తేదీ, ఎవరి పేర కొన్నారు, స్టాంపు వెండర్ లైసెన్సు ఉంటాయి. ఆ వెండర్ రిజిస్టరును కోర్టుకు రప్పించమని అర్జీ పెట్టండి. వెనక తేదీ వేసిన కాగితాలు ఎక్కువగా పట్టుబడేది ఇక్కడే. తెల్ల కాగితం మీది సాదాబైనామాకు ఈ పరీక్ష ఉండదు. అప్పుడు పహాణీల్లో ఆ ఏళ్లలో కాస్తులో ఎవరున్నారో చూడాలి.

దగ్గరి చుట్టం కొన్నాడన్న ఒక్క కారణంతో కోర్టు రద్దు చేయదు. ప్రతిఫలం లేదనో నమ్మకం మంచిది కాదనో చూపించే భారం మొదట మన మీదే ఉంటుంది. ఇంకో మాట, జప్తుకు లోబడని ఆస్తి మీద శ్రమ పెట్టకండి. సాగు చేసుకునే రైతు తాను ఉండే ఇల్లు, వ్యవసాయ పనిముట్లు సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కింద రక్షణలో ఉంటాయి. అవి ఎలాగూ అప్పులవాళ్లకు రావు.

పిటిషన్‌తో పాటే, ఆస్తులను కోర్టు తరఫున చేతిలోకి తీసుకునే మధ్యంతర రిసీవర్ కోసం 20వ సెక్షన్ కింద, బాకీదారు చేతిలో మిగిలిన ఆస్తుల జప్తు కోసం 21వ సెక్షన్ కింద అర్జీలు వేయించండి. ఆస్తి ఇప్పటికే పేరు మారి ఉంటే, రాయించుకున్న మనిషి మళ్లీ అమ్మకుండా ఇంజంక్షన్ కావాలి. ఇది ఆలస్యమైతే అతని దగ్గర ఏమీ తెలియక కొన్న మూడో మనిషి వస్తాడు, అప్పుడు కథ మళ్లీ మొదటికొస్తుంది. ఉత్తర్వు కాపీని సబ్‌రిజిస్ట్రార్‌కు స్వయంగా ఇచ్చి రశీదు తీసుకోండి. పదిరోజుల తర్వాత ఆ నంబరు నిషేధిత జాబితాలో ఎక్కిందో లేదో మీరే చూడండి.

దివాలా ఉత్తర్వు వచ్చాక రద్దు అర్జీ వేయాల్సింది అఫీషియల్ రిసీవర్. ఆయన ముందు చాలా ఫైళ్లుంటాయి, మీ కేసు దానంతటది కదలదు. దస్తావేజు కాపీలు, ఈసీలు, మీరు సేకరించిన వివరాలు జతచేసి 53 కింద అర్జీ వేయమని రాతపూర్వకంగా కోరండి, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆయన కాదంటే 54ఎ సెక్షన్ కింద, కోర్టు అనుమతితో, మీ బాకీ రుజువు చేసుకున్న తర్వాత మీరే వేయవచ్చు. అడిగినట్టు, ఆయన నిరాకరించినట్టు కాగితం లేకపోతే ఆ అనుమతి రాదు. నోటి మాటగా అడిగి ఇక్కడే దెబ్బతిన్నవాళ్లు ఎక్కువ.

గెలుపు దాకా వచ్చిన కేసు కూడా ఒక చోట కూలిపోవచ్చు. దివాలా ఉత్తర్వులోనే, విముక్తి (బాకీల నుంచి బయటపడడం) కోసం ఇంత కాలంలో దరఖాస్తు చేసుకోవాలని బాకీదారుకు గడువు పెడతారు. అతను కావాలనే చేసుకోడు. గడువు దాటితే 43వ సెక్షన్ కింద దివాలా ఉత్తర్వే రద్దవుతుంది, దాన్ని ఆనుకుని ఉన్న 53 అర్జీ కూడా దాంతోపాటే పోతుంది. ఆ తేదీని డైరీలో రాసుకుని, ముందే గడువు పొడిగించమని కోరాలి. ఉత్తర్వు రద్దు కాక తప్పని పరిస్థితి వస్తే, ఆస్తి బాకీదారుకు తిరిగి వెళ్లకుండా రిసీవర్ చేతిలోనే ఉంచాలని 37వ సెక్షన్ కింద అడగాలి.

రెండేళ్లు దాటిపోయిన బదలాయింపుకు ఆస్తి బదలాయింపు చట్టం 53వ సెక్షన్ మిగిలి ఉంది (రెండు చట్టాల్లోనూ నంబరు ఒకటే, కలిపేసుకోవద్దు). ఇక్కడ రెండేళ్ల పరిమితి లేదు. దావా మాత్రం అప్పులవాళ్లందరి తరఫున వేయాలి. మీ ఒక్కరి కోసం వేస్తే ఆ లోపం మీదే కొట్టేస్తారు. అప్పులవాళ్లను ఎగ్గొట్టాలన్న ఉద్దేశాన్ని మీరు రుజువు చేయాలి, అది 1920 చట్టం కింద కన్నా బరువైన పని. కాలపరిమితి మూడేళ్లు. ఎప్పటి నుంచి అన్నదానిమీద వాదన తప్పదు కాబట్టి బదలాయింపు మీకు ఎలా, ఏ రోజు తెలిసిందో చూపే కాగితం ఉంచుకోండి. ఈసీ తీసిన తేదీ అందుకు పనికొస్తుంది. దివాలా ఉత్తర్వు అప్పటికే ఉంటే దావాకు దివాలా కోర్టు అనుమతి కావాలి.

రద్దయిన ఆస్తి పోరాడినవాళ్లకే రాదు, రిసీవర్ చేతికి వెళ్తుంది. తాకట్టు పెట్టుకున్న బ్యాంకు తన హక్కు తాను చూసుకుంటుంది. ప్రభుత్వ బాకీలు, పనివాళ్ల జీతాలు ముందు తీరతాయి. మిగిలింది షెడ్యూల్‌లో, అంటే రుజువైన బాకీల జాబితాలో, పేరున్న అందరికీ బాకీ నిష్పత్తిలో పంచుతారు. కాబట్టి 49వ సెక్షన్ కింద బాకీ రుజువు అఫిడవిట్ వెంటనే వేయండి. ప్రోనోటు, చిట్టీ పాస్‌బుక్, తక్‌పట్టీలు (మార్కెట్‌లో సరుకు అమ్మిన చీటీలు), ఏవుంటే అవి జతచేయండి. షెడ్యూల్‌లో బాకీదారు చుట్టాల పేర్లతో చేరిన బాకీలను కూడా ఒక్కొక్కటిగా చదవండి. దొంగ బాకీ అనిపిస్తే దాన్ని తీసేయమని 50వ సెక్షన్ కింద అభ్యంతరం వేయండి, లేకుంటే కష్టపడి వెనక్కి తెచ్చిన ఇంటి డబ్బులో సగం మళ్లీ ఆ ఇంటివాళ్లకే చేరుతుంది.