కార్బన్ డయాక్సైడ్ నుంచి మిథనాల్: రాగి–జింక్ ఉత్ప్రేరకాన్ని చేసి నడపడం

కార్బన్ డయాక్సైడ్ ఒక పాలు, హైడ్రోజన్ మూడు పాళ్లు కలిస్తే మిథనాల్, నీరు వస్తాయి. ఈ పని చేయించే ఉత్ప్రేరకం, అంటే రాగి–జింక్ ఆక్సైడ్–అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్), మంచిదో కాదో అవక్షేపం పట్టే బీకర్ దగ్గరే చాలావరకు తేలిపోతుంది.

కాపర్ నైట్రేట్ ట్రైహైడ్రేట్ 14.5 గ్రాములు, జింక్ నైట్రేట్ హెక్సాహైడ్రేట్ 8.9, అల్యూమినియం నైట్రేట్ నోనాహైడ్రేట్ 3.75 తూచి, డిస్టిల్డ్ వాటర్‌తో 100 మిల్లీలీటర్లు చేయండి. సోడియం కార్బొనేట్ 15.9 గ్రాములతో 150 మిల్లీలీటర్ల ద్రావణం వేరుగా ఉంచండి. 65 డిగ్రీల నీళ్లున్న బీకర్‌లో రెండింటినీ ఒకేసారి చుక్కచుక్కగా వదులుతూ, పీహెచ్ 6.5–7 మధ్య నిలపాలి. 5కు జారితే హైడ్రాక్సీనైట్రేట్ పడుతుంది, అది పనికిరాదు.

చుక్కలు ఆపాక కలుపుతూనే ఉండండి. నీలం ముద్ద ఉన్నట్టుండి నీలి ఆకుపచ్చకు తిరుగుతుంది, పీహెచ్ కాస్త దిగుతుంది. జింక్ చేరిన మాలకైట్ (రాగి హైడ్రాక్సీకార్బొనేట్) స్ఫటికాలు కట్టాయనడానికి అదే గుర్తు. అక్కడి నుంచి మరో అరగంట ఆగాలి. రంగు తిరగకముందే వడకడితే రాగి, జింక్ సరిగా కలవవు.

వడకట్టి, గోరువెచ్చని నీళ్లలో మళ్లీ కలిపి, ఐదారుసార్లు కడగండి. ఇక్కడ బద్ధకం వద్దు: మిగిలిన సోడియం వల్ల కాల్చేటప్పుడు కణాలు పెరిగిపోతాయి. 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, 330 దగ్గర మూడు గంటలు కాల్చితే సుమారు ఏడు గ్రాముల నల్లపొడి మిగులుతుంది.

పొడిని బిళ్లగా నొక్కి, పగలగొట్టి, 200–400 మైక్రాన్ల జల్లెడ పట్టండి. అర గ్రాముకు రెండు గ్రాముల సిలికాన్ కార్బైడ్ కలిపి రియాక్టర్‌లో నింపి, 60 బార్ నైట్రోజన్‌తో లీకులు చూడండి. ఒత్తిడి దించాక, నైట్రోజన్‌లో 5 శాతం హైడ్రోజన్‌తో, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున 250కి చేర్చి రెండు గంటలు ఉంచండి. కాపర్ ఆక్సైడ్ ఆక్సిజన్ వదిలి రాగిగా మారే ఈ క్షయకరణం, కాపర్ ఆక్సైడ్ మోల్‌కు సుమారు 85 కిలోజౌళ్ల వేడి వదులుతుంది. తొందరపడితే రాగి కణాలు అతుక్కుపోతాయి.

కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఒత్తిడి 20 డిగ్రీల దగ్గర 57 బార్లే. 50 బార్ల దగ్గర నడిపితే, వాయు ప్రవాహాన్ని అదుపు చేసే ఫ్లో కంట్రోలర్‌కు ఒత్తిడి తేడా చాలదు. అందుకే హైడ్రోజన్ 72, కార్బన్ డయాక్సైడ్ 24, ఆర్గాన్ 4 శాతాల మిశ్రమ సిలిండర్ మేలు. చర్యలో వాయువు పరిమాణం తగ్గుతుంది కాబట్టి, చర్యలో పాల్గొనని ఆర్గాన్ లెక్కకు ఆధారమవుతుంది. 230 డిగ్రీలు, 50 బార్లు, నిమిషానికి 100 మిల్లీలీటర్లతో మొదలుపెట్టండి. బయటి గొట్టం 150 డిగ్రీల వేడిలో ఉండాలి, లేదంటే మిథనాల్ దారిలోనే చల్లబడి, వాయువులను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో తక్కువ చూపిస్తుంది.

వేడి పెంచితే కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. మీథేన్ కనబడితే ఇనుము, నికెల్ కల్మషాన్ని అనుమానించండి. డైమిథైల్ ఈథర్ వస్తే ఆమ్లగుణమున్న అల్యూమినాను. రోజులు గడిచేకొద్దీ దిగుబడి మెల్లగా పడిపోవడానికి చర్యలో పుట్టే నీరే ముఖ్య కారణం. హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ అలారాలు లేకుండా ఈ రిగ్గును నడపవద్దు.